విత్తనపు కంద దాచుకోవడం: మా సంఘం అనుభవం



ప్రతి ఏడాదీ మైకు ముందుకొచ్చిన సంఘం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, కట్టింది ఎంత అని చదివి దిగిపోతుంది. మా అంకెలు ఈ పుస్తకంలో వెనక పట్టికల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి కంద విత్తనం గురించి చెప్తామని అడిగితే కమిటీలో ఒకరిద్దరు నవ్వారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నారు. ఆ దురద మాకు పుట్టి ఇప్పటికి మూడేళ్ళయింది. ఎలా పుట్టిందో చెప్తాం.

మా సంఘంలో పదిమందిమి. అందులో ఆరుగురం కౌలుకి చేసేవాళ్ళం. ఒకరికి కొబ్బరితోటలో నీడన కంద, ఇంకొకరికి అరటి తీసేసిన చేలో కంద, ఎవరిదీ అరెకరం దాటదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కంద కొత్త పంట కాదు. పెళ్ళి విస్తట్లో కంద బచ్చలి లేకపోతే మన వైపు వియ్యపురాలు మొహం చిన్నబుచ్చుకుంటుంది కదా. ఇప్పుడు చాలామంది వేసే గజేంద్ర రకం కూడా మన గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిందే. దురద తక్కువ, పక్క పిలకలు లేకుండా ఒకటే దుంప నున్నగా ఊరుతుంది. అందుకే దేశంలో చాలాచోట్లకి వెళ్ళింది.

కందలో పెద్ద ఖర్చు విత్తనానిదే. వరికి ఎకరానికి పాతిక ముప్పై కిలోల విత్తనం చాలు. కందకి లెక్క వేయండి. మూడడుగులకి ఒక గుంట చొప్పున పెడితే ఎకరానికి 4,840 గుంటలు. గుంటకి అరకిలో ముక్క పెట్టినా 2,420 కిలోలు. అంటే 24 క్వింటాళ్ళ పైమాట. అరెకరం వేసే ఆమెకి కూడా 12 క్వింటాళ్ళు కావాలి. ముక్క పెద్దది పెట్టే అలవాటున్న చోట ఇంకా ఎక్కువ. మేము సంఘం అప్పు తీసుకున్నది కందకి అని పుస్తకంలో రాశాం గానీ, నిజానికి అందులో ఎక్కువ భాగం విత్తనానికే పోయింది. ఎరువులు, కూలి అన్నీ దాని తర్వాతే.

ఇంకో సంగతి ఉంది. కంద తవ్వేది సంక్రాంతి దాటాక. మళ్ళీ నాటేది మే, జూన్ నెలల్లో. తవ్వేటప్పుడు ఊరంతా తవ్వుతుంది కాబట్టి ధర పడిపోయి ఉంటుంది. నాటేటప్పుడు ఊరంతా కొంటుంది కాబట్టి విత్తనం దొరకదు, దొరికినా రేటు వేరు. మన చేలోంచి మనం తవ్విన దుంపనే మూడు నెలలు తిరక్కుండా ఎక్కువ డబ్బిచ్చి మనమే కొంటున్నాం. మధ్యలో ఆ దుంప ఎక్కడికి పోయింది? షావుకారు షెడ్డులో ఊరికే పడుంది. అది ఊరికే పడుండటానికే మనం ఏటా డబ్బు కడుతున్నాం. ఈ మాట మా సంఘంలో పెద్దామె ఒక శుక్రవారం మీటింగులో అంది. ఆమె చదువుకోలేదు, వేలిముద్ర వేస్తుంది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నాం.

సరే, ఈసారి విత్తనం మనమే దాచుకుందాం అనుకున్నాం. మొదటి ఏడు ఏం చేశామో దాచకుండా చెప్తాం, ఎందుకంటే మీలో ఎవరైనా మొదలుపెడితే సరిగ్గా అవే తప్పులు చేస్తారు.

నున్నగా, గుండ్రంగా ఉన్న దుంపలన్నీ అమ్మేశాం. షావుకారు వద్దని పక్కన పడేసినవి, గునపం దెబ్బ తగిలినవి, చిట్లినవి, ఆకారం లేనివి విత్తనానికి ఉంచాం. విత్తనమే కదా, మట్టిలోకి పోయేదే కదా అనుకున్నాం. మట్టి శుభ్రంగా పోవాలని కుళాయి కింద కడిగాం కూడా. ఎరువుల ప్లాస్టిక్ సంచుల్లో నింపి, మూతి కట్టి, ఒక సభ్యురాలి పెరట్లో రేకుల గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చాం. దొంగల భయానికి తాళం వేశాం. తాళం చెవి ఎవరి దగ్గరుండాలనే దాని మీద అరగంట వాదించుకున్నాం కూడా. లోపల ఏమవుతోందని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఏప్రిల్ నెలాఖరులో తలుపు తీశాం. వాసనకి ముందున్నామె వెనక్కి వచ్చేసింది. కింది వరస సంచులు తడిసి నీరు కారుతున్నాయి. పైవి రేకు వేడికి ఉడికి మెత్తబడ్డాయి. నడుమ ఉన్నవాటిలో కొన్ని బాగున్నాయి. అన్నీ బయటికి లాగి ఏరితే సగానికి పైగా పోయాయి.

నష్టం కంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. మాలో ఒకామె మాత్రం అందరిలా గిరాకీ లేనివి తేలేదు. తన చేలో మంచి దుంపలే విత్తనానికి ఇచ్చింది. మేము అన్నీ కలిపేశాం. ఎవరివి ఎన్నో తూకం రాయలేదు. కుళ్ళిన దుంప పక్కన పెట్టిన మంచి దుంపా పోయింది. మర్నాడు వాళ్ళాయన మీటింగుకి వచ్చి నిలబడి, "మీరంతా చెత్త తెచ్చి మా బంగారంలో కలిపారు" అన్నాడు. తప్పనడానికి మా దగ్గర మాట లేదు. మిగిలినవాటిలో మొదటి ఏరుడు ఆమెకిచ్చాం. అది చాల్లేదు. వచ్చే తవ్వకంలో తలా కొంత ఆమెకి ఇవ్వాలని తీర్మానం రాసుకున్నాం, ఇచ్చాం కూడా. రెండు నెలలు ఆమె మాతో మాట్లాడలేదు. కానీ పొదుపు డబ్బు మాత్రం ఒక్క వారం ఆపలేదు. కూతురి చేత పంపించేది. ఇప్పుడు మా విత్తనపు పాకకి ఆమే పెద్ద. ఈ రోజు ముందు వరసలోనే కూర్చుంది. ఆమె ఒప్పుకున్నాకే ఈ సంగతి ఇక్కడ చెప్తున్నాం.

ఆ దెబ్బ తర్వాత తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయానికి నలుగురం వెళ్ళాం. 2007లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం ముందు నుంచే బస్సులో ఎన్నిసార్లు వెళ్ళామో, లోపలికి వెళ్ళింది అదే మొదలు. అక్కడే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఎవరైనా వెళ్ళి అడగొచ్చు. కుళ్ళిన దుంప ఒకటి సంచిలో పట్టుకెళ్ళాం. అది చూసి వాళ్ళు వేసిన మొదటి ప్రశ్న, "దీన్ని కడిగారా?" అని.

అక్కడ మాకు అర్థమైంది ఇది. తవ్విన దుంప చచ్చిపోయిన వస్తువు కాదు. అది నిద్రలో ఉంటుంది. తవ్వాక నెలన్నర, రెండు నెలలు మీరేం చేసినా మొలకెత్తదు. నిద్రలో కూడా గాలి పీలుస్తుంది, చెమట పడుతుంది. సంచిలో మూతి కడితే ఆ చెమటలోనే అది ఉడికి కుళ్ళుతుంది. అలాగని ఎండలో పడేస్తే ఎండి ముడతలు పడి బరువు దిగిపోతుంది. తడి వద్దు, ఎండ వద్దు, గాలి కావాలి. గునపం గాయం ఉన్నచోట గాలి తగిలితే పైన గట్టి పొర కడుతుంది. అది కట్టకముందే తడి తగిలితే బూజు లోపలికి పోతుంది.

ఇదే మాట మాకు ఇంకో వైపు నుంచి కూడా వినపడింది. మా సభ్యురాలి కూతురు పెళ్ళయి అమెరికాలో మంచు పడే ఊళ్ళో ఉంటోంది. ఒక రోజు ఫోనులో తల్లికి తన పెరడు చూపిస్తోంది. చేతిలో మట్టి దుంపల గుత్తి. చిలగడదుంపలా అంటే కాదమ్మా, డేలియా అంది. మనకి డేలియా అంటే చలికాలంలో కడియం నర్సరీల నుంచి కుండీల్లో వచ్చే పువ్వే గానీ దాని కింద దుంప ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. అది మెక్సికో దేశపు మొక్కట. మంచు పడితే అక్కడ నేలలో దుంప గడ్డకట్టి చచ్చిపోతుంది. అందుకని ఆకు నల్లబడగానే కాడ కోసేసి, దుంప తవ్వి, మట్టి దులిపి, ఆరబెట్టి, రంపపు పొట్టు పోసిన అట్టపెట్టెల్లో చల్లటి గదిలో పెడతారు. చలికాలమంతా మధ్యమధ్యలో తీసి చూసి, మెత్తబడింది కోసి పారేస్తారు. వసంతం వచ్చి మంచు భయం పోయాక మళ్ళీ నాటతారు. ఇంకో మాట చెప్పింది ఆ పిల్ల. గుత్తిలోంచి దుంప విడదీసేటప్పుడు కాడ మొదట్లో ఉండే కన్ను దాంతో రావాలట. కన్ను లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదట.

అది విని మా వాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. కందకీ అంతే! నడిమి కన్ను తగలని ముక్క గుంటలో పెడితే ఎప్పటికో గానీ మొలవదు. వాళ్ళు చలికి దాస్తారు, మనం ఎండకి దాస్తాం, పని ఒకటే. పూలకోసం వాళ్ళు నెలకోసారి పెట్టె తీసి చూస్తుంటే, అప్పు తెచ్చి పండించిన పంటని మేము మూడు నెలలు తాళం వేసి వదిలేశాం.

ఇప్పుడు మేము చేసే పద్ధతి చెప్తాం. విత్తనం ఏరడం తవ్వేటప్పుడు మొదలవదు, చేలో ఆకు పచ్చగా ఉన్నప్పుడే మొదలవుతుంది. కాండం మొదట్లో కుళ్ళు వచ్చిన మొక్కల్ని చూసి పెట్టుకుంటాం. ఆ కుళ్ళు వచ్చినచోట తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్లు కనపడతాయి. ఆ మొక్క దుంపా, దాని పక్క మొక్కల దుంపా విత్తనానికి తీసుకోం. ఆరోగ్యంగా ఉన్న మొక్క పక్కన కర్ర గుచ్చి రంగు గుడ్డ కడతాం. ఆకు పూర్తిగా పండి పడిపోయాక, నేల ఆరాక తవ్వుతాం. విత్తనపు వరసలు ఆడవాళ్ళమే తవ్వుతాం, నిదానంగా, దూరం నుంచి గునపం వేసి. మగవాళ్ళకి ఆ రోజు వేరే పని చెప్తాం. గబగబా తవ్వితే కూలి మిగులుతుందని వాళ్ళ లెక్క, వాళ్ళ లెక్కా తప్పు కాదులెండి.

తవ్విన దుంపని కడగం. చేత్తో మట్టి దులిపి, వేళ్ళు తుంచి, చెట్టు నీడన అయిదారు రోజులు ఆరనిస్తాం. తర్వాత తాటాకు పాకలోకి మారుస్తాం. రేకుల గది జోలికి మళ్ళీ పోలేదు. పాక చుట్టూ తడికలే, గాలి అటూ ఇటూ ఆడాలి. నేల మీద పొడి ఇసుక పరిచి, దాని మీద ఒకటే వరసగా, కన్ను పైకి ఉండేలా, దుంపకీ దుంపకీ తగలకుండా పేరుస్తాం. చోటు ఎక్కువ పడుతుంది, నిజమే. చోటు చాలకపోతే వెదురు తడికలతో మెట్లు కట్టుకోవచ్చు, అంతేగానీ పోగు పెట్టకూడదు. ఎవరి దుంపలు వాళ్ళ వరసలో. ముందు తూకం వేసి, సంఘం పుస్తకంలో పేరు కింద రాసి, ఆమె సంతకం లేదా వేలిముద్ర తీసుకుంటాం. ఆ మొదటి ఏడు చేయనిదల్లా ఈ రాత పనే. గొడవ దుంప కుళ్ళినందుకు రాలేదు, రాయనందుకు వచ్చింది.

శుక్రవారం మీటింగు అయ్యాక ఇద్దరిద్దరు వంతులవారీగా పాకలోకి వెళ్ళి ప్రతి దుంపనీ తాకి చూస్తారు. కంటితో చూస్తే చాలదు, అడుగున మెత్తబడింది పైకి తెలీదు, తిప్పి నొక్కి చూడాలి. మెత్తబడింది బయటికి తీసేసి, దాని కింద ఇసుక కూడా ఎత్తి దూరంగా పారేస్తారు. తెల్లగా పిండి అంటుకున్నట్టు కనపడితే అది పిండినల్లి, చీమలు తిరుగుతుంటే ముందే అనుమానించాలి. దాన్ని గుడ్డతో తుడిచి ఆ దుంపని వేరే పెడతారు. ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు, పాక అడుగున సన్న వల బిగించాం.

ఒక తమాషా చెప్పాలి. పోయిన వేసవిలో పాక దగ్గరికి వెళ్తే చచ్చిన ఎలుక కంపు. ఇద్దరు కొంగులు అడ్డం పెట్టుకుని గంటసేపు వెతికారు, ఎలుక లేదు. ఒక పెద్ద దుంప పువ్వు పూసింది! ముదురు వంకాయ రంగు, కోళ్ళ గంపంత, చుట్టూ ఈగలు. కంద పువ్వు అంతే, ఆ కంపుతోనే ఈగల్ని పిలుచుకుంటుందట. డేలియా దుంప చూపించిన అమ్మాయికి ఫోటో పంపాం, మా పువ్వు ఇదీ అని.

కొల్లేరు లంకల అక్కలు నిన్న రాత్రి మమ్మల్ని అడిగారు, మా దగ్గర ఇదంతా కుదురుతుందా అని. మీ దగ్గర నేల తేమ ఎక్కువ, బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్ళు మీ గుమ్మంలోకి వస్తాయి. చేలేమో చేపల చెరువులయ్యాయి, మీకు మిగిలింది గట్లూ పెరళ్ళూ. కందకి కాలు తడిస్తే పడదు, కాబట్టి ఎత్తయిన గట్టు మీద పది, ఇరవై గుంటలే వేసుకోండి. విత్తనం నేల మీద పెట్టకండి, అటక మీద పెట్టండి. వంటింటి అటక అయితే పొగ తగిలి పురుగు తక్కువ అని మీ పెద్దవాళ్ళే అన్నారు. ఇంటికి ఇరవై దుంపలైతే పాకా అక్కర్లేదు, వంతులూ అక్కర్లేదు. మాకంటే మీకే సులువు.

నాటే ముందు కోత గురించి రెండు మాటలు. ముందు రోజులనుంచే కోసి పెట్టొద్దు. కోసేది పైనుంచి కిందికి, కొబ్బరి చిప్ప ముక్కలు చేసినట్టు, ప్రతి ముక్కకీ నడిమి కన్ను కొంచెం రావాలి. అడ్డంగా కోస్తే కింది ముక్క వృథా. పేడనీళ్ళు చిక్కగా కలిపి, కిలో విత్తనానికి 5 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా పొడి వేసి, ముక్కలు అందులో ముంచి నీడన ఆరబెట్టి నాటతాం. ఆ పొడి జీవం ఉన్న పొడి, ఎండలో పెట్టినా, మందుల పక్కన పెట్టినా పనిచేయదు. కొనేటప్పుడు తేదీ చూసుకోండి.

ఇక మేము ఇక్కడికి వచ్చిన అసలు పని. పద్ధతి తెలిసినా మా ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ విత్తనం దాచుకోలేకపోతున్నారు. బద్ధకం వల్ల కాదు. తవ్వకం నెలలోనే కౌలు కట్టాలి, ఆ నెలలోనే వాయిదా పడుతుంది. ఇంట్లో డబ్బున్నది దుంప రూపంలోనే. ఆమె మంచి దుంపలన్నీ అమ్మక ఏం చేస్తుంది? అమ్మి వాయిదా కడుతుంది, మనం ఆమెని సకాలంలో కట్టిన సభ్యురాలు అని పట్టికలో రాసుకుంటాం. జూన్ నెలలో అదే ఆమె విత్తనం కోసం మళ్ళీ అప్పుకి వస్తుంది, మనం ఇస్తాం, మళ్ళీ పట్టికలో రాసుకుంటాం. రెండు పట్టికలూ బాగానే కనపడతాయి. మధ్యలో ఆమె నష్టం ఏ గడిలోనూ పడదు.

అందుకని మా గ్రామ సంఘంలో పోయిన ఏడాది ఒక చిన్న ప్రయోగం చేశాం. జూన్‌లో ఇచ్చే విత్తనపు అప్పు బదులు, ఒకామెకి అంతర్గత అప్పు ఫిబ్రవరిలోనే ఇచ్చాం. పాకలో ఆమె పేరు మీద తూకం వేసిన దుంపలే హామీ. వాటిని నాటేదాకా అమ్మకూడదు. ఆమె కౌలు కట్టుకుంది, వాయిదా కట్టుకుంది, దుంప పాకలో నిద్రపోయింది. జూన్‌లో అప్పు అడగలేదు. ఫిబ్రవరిలో తీసుకున్నది జూన్‌లో అడగబోయే దానికంటే తక్కువ. నాలుగు నెలలు ముందే తీసుకుంది కాబట్టి ఆ వడ్డీ అదనంగా పడింది, అది కూడా చెప్పాలి. వడ్డీ పోను కూడా ఆమెకి మిగిలింది. కుళ్ళి పోయేవాటికి కొంత తీసేసి లెక్క వేయాలి. పాక నిండా పెట్టిన దుంపలన్నీ చేలోకి చేరతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. మేము పది పెడితే ఎనిమిది చేరతాయనుకుని అప్పు ఇచ్చాం.

సమాఖ్య వారిని మేము అడుగుతున్నది ఇదే. విత్తనపు అప్పు జూన్‌లో ఇవ్వమని మన నియమాల్లో ఉంది. కంద, పసుపు, అల్లం లాంటి దుంప విత్తనాలకి మాత్రం అది తవ్వకం నెలలో ఇచ్చేలా మార్చాలి. కొత్త డబ్బు అడగడం లేదు, అదే డబ్బు నెల మార్చి ఇమ్మంటున్నాం. హామీగా దుంపని ఒప్పుకోవాలంటే కుళ్ళిపోతే ఎవరిది భారం అని కోశాధికారి గారు నిన్న అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. మా గ్రామ సంఘంలో అయితే సగం సభ్యురాలు, సగం పాక చూసే వంతులవాళ్ళంతా కలిసి అని రాసుకున్నాం. వంతు తప్పినవాళ్ళ మీద ఇంకొంచెం ఎక్కువ. మీరు వేరేలా అంటే అలాగే రాసుకుందాం, కానీ మధ్యాహ్నం భోజనాల తర్వాత తీర్మానాల సమయంలో ఈ మాట చర్చకి పెట్టమని కోరుతున్నాం.

ఈ ఏడు ఇంకో పని మొదలుపెట్టాం. తిరువనంతపురంలో ఉన్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. 100 గ్రాముల చిన్న ముక్కల్ని దగ్గర దగ్గరగా నాటితే, ఏడాదికి విత్తనానికి సరిపడే చిన్న దుంపలు ఊరతాయి. వాటిని కోయక్కర్లేదు, దుంప దుంపగానే దాచి, దుంప దుంపగానే నాటొచ్చు. కోత లేకపోతే కుళ్ళూ తగ్గుతుంది. అయిదు సెంట్లలో వేశాం. ఆకు ఇంకా పచ్చగానే ఉంది, ఫలితం తవ్వితే గానీ చెప్పలేం.

సంక్రాంతి వెళ్ళాక మూడో శుక్రవారం ఆ అయిదు సెంట్లూ తవ్వుతాం. చూడాలనుకున్నవాళ్ళు తాడేపల్లిగూడెం బస్టాండులో దిగి ఫోను చేస్తే మావాళ్ళు ఎవరో ఒకరు వస్తారు. వచ్చేటప్పుడు పాత చీర కట్టుకోండి, చేతులకి రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా తెచ్చుకోండి. గజేంద్ర దురద పెట్టదని పైన చెప్పాం గానీ, రోజంతా తవ్వితే ఎంతోకొంత పెడుతుంది.